వరద తీసినను విడువని తలపు



2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి సమీపమందలి మోరంచపల్లిని వాగు ముంచివేసెను. అదే వానకు జిల్లాలోని చిట్యాలయందు ఒక్క దినముననే 60 సెంటీమీటర్లకు మించి వర్షము కురిసినది. జనులు ఇండ్ల పైకెక్కిరి. సైన్యపు హెలికాప్టర్లు, పడవలు వచ్చి వారిని కాచినవి. కొందరు కొట్టుకొనిపోయిరి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రముల నడుమ రైలుకట్టయే తెగినది.

నీరు తీసినది గాని తలపు తీయలేదు. మబ్బు పట్టిననాడు, అప్పులవాడు వాకిట నిలిచిననాడు, ఇంట రోగి యున్ననాడు ఆ రాత్రియే కన్నుల గట్టును. "మఱచిపొమ్ము" అందురు పెద్దలు. ప్రేమతోనే అందురు, అయినను ఆ మాట పనిచేయదు. 1987లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు డేనియల్ వెగ్నర్ తెల్లని ఎలుగుబంటిని తలపవలదని కొందరిని కోరగా, వారికి అదియే మరల మరల తలపునకు వచ్చినది!

కావున తరుమవలదు. ఇష్టలింగమును కరమందుంచి చూచునపుడు వాగు గుర్తునకు వచ్చెనా, రానిండు. పూజ చెడెనను బెంగ వలదు. "అది ఆనాటి వరద, ఇది నేటి అరచేయి" అని యెఱిగి చూపును లింగమునకు త్రిప్పవలెను. పదిమార్లు తొలగిన పదిమార్లు త్రిప్పుటయే అభ్యాసము.

కల్యాణమందలి అనుభవమంటపమున శరణులు తమ అనుభవములను పదిమందిలో పలికిరి. మన మఠములందును వరద మాట యెత్తినవారిని ఆపక వినవలెను, బలవంతముగా చెప్పింపరాదు. వారములు గడచినను నిద్ర పట్టనిచో పూజతోనే సరిపుచ్చక వైద్యుని చూడవలెను. ప్రభుత్వపు టెలీ మానస్ సంఖ్య 14416నకు ఫోను చేసిన తెలుగుననే మాటాడుదురు, రుసుము లేదు.