ఒక్క రైతు – మూడు పుస్తకములు



2022వ సంవత్సరము జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరునకు ఎక్కించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. యంత్రమును కొనుట సులభము. మన వ్యవహారమును దానికి ఏ రూపమున చెప్పవలెనను సంగతియే కష్టము. అందుచేత పురుగుమందుల పాఠమును వచ్చు నెలకు వాయిదా వేసి, ఈ సంచికలో దీనిని గూర్చి వ్రాయుచున్నాను.

నేనెరిగిన ఒక సంఘమున ఒక రైతు పేరు వాటాధనపు పుస్తకములో ఇంటిపేరుతోను, అప్పుల పుస్తకములో తండ్రి పేరుతోను, ధాన్యపు కొనుగోలు పుస్తకములో పిలుపు పేరుతోను ఉండెను. పాత గుమాస్తాకు ఆ ముగ్గురును ఒక్కడేయని తెలియును. పుస్తకములను ఉన్నవి ఉన్నట్లు ఎక్కించినంతనే ఆ రైతు యంత్రములో ముగ్గురు మనుష్యులయ్యెను. ధాన్యపు సొమ్ము ఒక పేరు క్రింద జమపడి అచ్చటనే నిలిచెను. అప్పు వేరొక పేరు క్రింద గడువు దాటెను. పంట ఋణమును గడువులోపల తీర్చువారికి లభించు 3 శాతము వడ్డీ రాయితీ పోయెను. లక్ష రూపాయలకు ఏడాదికి 3,000 రూపాయలు! తప్పంతయు లెక్కకు ఏర్పరచిన రూపములోనే యున్నది.

నార్వే దేశమున ఓలే యోహాన్ దాల్, క్రిస్టెన్ నీగార్డ్ అను పండితులు 1960 తరువాతి సంవత్సరములలో సిమ్యులా అను కంప్యూటరు భాషను నిర్మించి క్రొత్త మార్గమును చూపిరి. లోకములోని ఒక్కొక్క వస్తువునకు యంత్రములో ఒక్కొక్క ప్రతిరూపముండును. దానిని ఆబ్జెక్టు అందురు. అప్పు అను ఆబ్జెక్టు తన మొత్తమును, తేదీని, వడ్డీ రేటును తనలోనే యుంచుకొనును; వడ్డీ ఎంతయని అడిగినచో తానే లెక్కించి చెప్పును.

ఇట్టి నిర్మాణములలో మాటిమాటికి ఎదురగు చిక్కునకు మాటిమాటికి పనికివచ్చు ఉపాయమును ప్యాటర్న్ అందురు. మనము మూస అనుకొందము. గొర్రు ఒక్కటే, జడ్డిగములో పోయు గింజ మారును. 1996లో మార్టిన్ ఫౌలర్ అను ఆంగ్లేయుడు వ్యాపార వ్యవహారముల మూసలను గూర్చి ‘అనాలిసిస్ ప్యాటర్న్స్’ అను గ్రంథమును ప్రకటించెను. అందు కొన్ని మూసలు బ్రిటన్ దేశపు వైద్యశాలల పనిలో పుట్టి, కంపెనీల ఆదాయవ్యయముల పరిశీలనకును పనికివచ్చినవి.

వానిలో మనకు మిక్కిలి ముఖ్యమైనదానికి ‘పార్టీ’ యని పేరు. ఇది ఎన్నికల పార్టీ కాదు. లావాదేవీలో ఒక పక్షమని అర్థము. మనిషి కావచ్చును, సంఘము కావచ్చును. మనిషిని ఒక్కసారియే వ్రాయవలెను. సభ్యుడు, ఋణగ్రహీత, జామీనుదారు, ధాన్యము అమ్మినవాడు అనునవి ఆ ఒక్క మనిషి ధరించు వేషములు. వేషము మారును, మనిషి మారడు. ఇద్దరి నడుమనున్న సంబంధమును గూడ వేరొక ఆబ్జెక్టుగా వ్రాసి, అది ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగియునో చేర్చవలెను. బావమరిది అప్పునకు జామీను నిలిచినవాని బాధ్యత ఆ అప్పు తీరిన దినముననే ముగియవలెను గదా! ముగింపు తేదీకి చోటులేని లెక్కలో అది ఏండ్ల తరబడి వాని పేరును పట్టుకొని యుండును.

కౌలురైతుల సంగతి ఇంతకంటె గట్టిది. భూమి కలవాడే సాగుచేయువాడని తలచి చేసిన మూసలో కౌలుదారునకు చోటే యుండదు. ఋణమును, పంట బీమాయును పట్టాదారుని పేరనే పోవును. కౌలును ఇద్దరు మనుష్యులకు, ఒక చేనికి నడుమ కొంతకాలముండు సంబంధముగా వ్రాసినచో ఆ చిక్కు విడిపోవును. ఆంధ్రప్రదేశమున 2019లో చేసిన పంట సాగుదారు హక్కుల చట్టము ఒప్పందమునకు 11 నెలల కాలమును నిర్ణయించెను. అట్టి గడువునకు ఈ మూస చక్కగా సరిపోవును. పరాయిచోట చేసిన మూసను చూచుకొనక తెచ్చుకొనరాదని నేననుటకు కారణమిదియే.

ఖాతాల మూస మన గుమాస్తాలకు క్రొత్త కాదు. నిలువను చెరిపి దిద్దరాదు. తప్పు పద్దునకు ఎదురు పద్దు వ్రాయవలెను. జమాఖర్చుల జంట పద్దుల విధానమును లూకా పాచోలి 1494లోనే వెనిస్ నగరమున అచ్చువేయించెను.

కొలతల మూస చిన్నదే కాని దాని నష్టము పెద్దది. అంకెను ఎన్నడును ఒంటరిగా వ్రాయరాదు. కొలమానము దానితోనే యుండవలెను. 1-20 అని వ్రాసిన చేను తెలంగాణమున ఎకరము 20 గుంటలు, అనగా ఎకరమున్నర. అదే వ్రాత ఆంధ్రమున ఎకరము 20 సెంట్లు. నడుమ 30 సెంట్ల భూమి! ఎకరమునకింతయని ఇచ్చు ఋణములో అంత భాగము తేడాపడును. బస్తా యనినను ఒకచోట 75 కిలోలు, వేరొకచోట 40 కిలోలు. 1999లో అమెరికావారు అంగారకునికి పంపిన నౌక ఒకటి ఇట్టి కొలమానముల పొరపాటువలననే నశించెను.

మీ సంఘపు పుస్తకములను యంత్రమున కెక్కించునప్పుడు కార్యదర్శి నడిగి మీ పేరు ఏయే పుస్తకములో ఏ విధముగా నున్నదో చూచుకొనుడు. పట్టాదారు పాసుపుస్తకమును వెంట తీసికొనిపొండు. జామీను నిలిచినవారు ఆ అప్పు తీరిన రశీదును, కౌలురైతులు ఒప్పందపు కాగితమును చూపి, తేదీలను మీ యెదుటనే వ్రాయించుకొనుడు.