జననాట్యమండలి: మన తప్పెటతో కట్టిన బ్యాండు



నంద్యాలలో బ్యాండు అంటే పెళ్లి ఊరేగింపులో రంగు కోట్లు తొడుక్కుని బాకాలూదే మేళమే గుర్తుకొస్తుంది. ఫోను చేతికందినవారికి ఇంగ్లీషు రాక్ బ్యాండ్లు కూడా తెలుసు. వాటన్నిటిలో పేరుమోసిన బీటిల్స్ నలుగురూ ఇంగ్లండులోని లివర్‌పూల్ అనే రేవు పట్టణం కుర్రాళ్లు. 1956లో జాన్ లెనన్ బడి స్నేహితులతో మొదటి బృందం కట్టినప్పుడు బట్టలుతికే రేకు పలక ఒక వాద్యం, తేయాకు పెట్టెకు కర్రా తాడూ బిగించింది ఇంకో వాద్యం. గిటార్ల మోత, కోట్ల రూపాయల పేరు ఆ తర్వాతి సంగతి. 1970లో వాళ్లు విడిపోయారు.

ఇంట్లో ఉన్నదానితోనే బ్యాండు కట్టినవాళ్లు తెలుగులోనూ ఉన్నారు. అదే జననాట్యమండలి. దాని గురించి మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

1972లో హైదరాబాదులో ఈ బృందం మొదలైంది. తర్వాత సినిమా దర్శకుడిగా పేరు పొందిన బి. నర్సింగరావు, మెదక్ జిల్లా తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్ దీనికి మూలం. విఠలే మనకు తెలిసిన గద్దర్. 1913లో బ్రిటిషు పాలనకు ఎదురుగా అమెరికాలో పుట్టిన గదర్ పార్టీ పేరే ఆయనకు పేరైంది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు కలిశారు. ఆయన విశాఖ షిప్‌యార్డులో కార్మికుడు. ఒకరిది తెలంగాణ యాస, ఇంకొకరిది పార్వతీపురం వైపు యాస. ఇద్దరూ యాస మార్చుకోకుండానే రాష్ట్రమంతా తిరిగారు. తెలుగు పీరియడులో యాసకు నవ్వించుకున్నవారు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

వాళ్ల పాట ఎలా తయారయ్యేదో చూద్దాం, అసలు నేర్చుకోవలసింది అక్కడే ఉంది. బాణీ కొత్తగా కట్టేవారు కాదు. నాట్లలో, కోతల్లో, బతుకమ్మ దగ్గర, ఒగ్గుకథలో, బుర్రకథలో జనం నోట అప్పటికే ఉన్న బాణీ తీసుకుని అందులో కొత్త మాట పెట్టేవారు. కె.సి. కాలువ కింద ఆళ్లగడ్డ పల్లెల్లో మన అమ్మలు నాటేటప్పుడు ఒకరు అందుకుంటే మిగతావారు వంత పాడతారు కదా, వేదిక మీద పద్ధతీ అదే. ఒకరు చరణం చెబుతారు, బృందం తిప్పి అంటుంది, మూడోసారికి ఎదురుగా కూర్చున్న జనం అంటారు. చదువు రానివాడికి కూడా ఇంటికెళ్లేసరికి పాట వచ్చేస్తుంది. మధ్యలో మాటలు, అడుగులు, హాస్యం. ఒంటి మీద గోచీ పంచె, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఇక మధ్యన డప్పు. మన వైపు తప్పెట అంటాం.

ఈ తప్పెట దగ్గర కొంచెం ఆగాలి. పీర్ల పండుగకు, దేవరకు, చావుకు తప్పెట లేనిదే పని జరగదు. కానీ కొట్టేవాడు ఊరి చివర నిలబడాలి. హాస్టల్ దరఖాస్తులో తండ్రి వృత్తి అనే గడిలో అందరూ కూలి అనే రాస్తారు, తప్పెట అని ఎవరూ రాయరు. రాయకపోవడం సబబే. పిలిచినప్పుడల్లా రావాలి, ఇచ్చింది తీసుకోవాలి అన్నప్పుడు అది వృత్తి కాదు, వెట్టి. జననాట్యమండలి చేసిన పెద్ద పని మా దృష్టిలో ఇదే: అదే వాద్యాన్ని, అదే దెబ్బను, ఎవరూ ఆజ్ఞాపించకుండా కొట్టి చూపించింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం తన పేరుగా దండోరానే ఎంచుకుంది. అప్పటికి డప్పు వేదిక ఎక్కి ఇరవై ఏళ్లు దాటింది.

దీనికి వాళ్లు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. గద్దర్ కెనరా బ్యాంకు ఉద్యోగం వదిలేశారు. (మీరూ వదలమని మేము చెప్పడం లేదు. మన ఇళ్లలో బ్యాంకు ఉద్యోగం అంటే ఏమిటో మాకు తెలుసు.) 1985లో కారంచేడు ఘటన జరిగిన ఏడాదే అజ్ఞాతంలోకి వెళ్లి, 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చారు. అప్పుడు హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో జరిగిన సభకు లక్షల్లో జనం వచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఆయన ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా వెన్నులోనే ఉండిపోయింది.

బృందం నక్సలైటు రాజకీయాలతో నడిచిందన్నది దాచవలసినది కాదు. ఆ దారి విషయంలో మాలోనే ఒక మాట లేదు, రూములో వాదన తెల్లవారుజాము దాకా సాగుతుంది. గద్దరే తర్వాత ఆ దారి నుంచి పక్కకొచ్చి, 2018లో మొదటిసారి ఓటు వేశారు. వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. అల్వాల్‌లో పేద పిల్లల కోసం తాను పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే గద్దర్‌ను సమాధి చేశారు.

పాట మాత్రం ఆగలేదు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం సభలన్నీ ఈ పద్ధతిలోనే నడిచాయి. ఆడపిల్ల పుట్టుక మీద గద్దర్ కట్టిన పాటను ఆయన రాజకీయాలు నచ్చనివారు కూడా పాడుకున్నారు. సినిమావాళ్లు ఈ బాణీలను ఎంతగా వాడుకున్నారో చెప్పనక్కర లేదు.

ఇక మన వార్షికోత్సవం సంగతి. ప్రతి ఏటా డీజే బాక్సుల అద్దెకే చందా అంతా పోతోంది. ఈసారి ఒక్క పాటైనా తప్పెటతో కట్టండి. సెలవులకు ఊరెళ్లినప్పుడు నాట్ల పాట ఒకటి అవ్వ దగ్గర కూర్చుని రాసుకు రండి, బాణీ మార్చకండి, మాట మాత్రం హాస్టల్ గురించి మీరే రాయండి. తప్పెటను వేదిక ఎక్కే ముందు గడ్డిమంట దగ్గర బాగా కాచాలి, లేకుంటే చర్మం వదులై మోగదు. ఎంతసేపు కాచాలో మీ నాన్నను అడగండి.