చెవికి అందని శబ్దం.. చదివేవాళ్లకు కొలువు

2022 జనవరి 15న పసిఫిక్ సముద్రంలో టోంగా దీవుల దగ్గర హుంగా అగ్నిపర్వతం బద్దలైంది. మనకప్పుడు ఉదయం పది కావస్తోంది. ఆ పేలుడు లేపిన పీడన తరంగం గంటకు వెయ్యి కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తి, ఆ రాత్రికి మన దేశాన్ని దాటింది. మన చెవులకు ఏమీ తెలియలేదు. బారోమీటర్లలో గీత మాత్రం చిన్నగా లేచి పడింది. ఆ కదలికను మామూలు వాతావరణ మార్పు నుంచి వేరుచేసి, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడమే కొందరు శాస్త్రవేత్తల ఉద్యోగం. ఫిజిక్స్ ఇష్టపడే విద్యార్థులు ఈ రంగం వైపు ఒకసారి చూడాలని నా కోరిక.

సెకనుకు 20 కంపనాల లోపు శబ్దాన్ని ఇన్‌ఫ్రాసౌండ్ అంటారు. పౌనఃపున్యం పదోవంతుకు తగ్గితే, గాలి మింగేసే శక్తి సుమారుగా నూరోవంతుకు పడిపోతుంది. అందుకే ఈ తరంగాలు త్వరగా అలసిపోవు. పైగా దాదాపు 50 కిలోమీటర్ల ఎత్తున ఓజోన్ వల్ల వేడెక్కిన పొర ఉంటుంది. వేడి గాలిలో శబ్దం వేగం ఎక్కువ కాబట్టి పైకి వెళ్లే తరంగం అక్కడ వంగి కిందికి దిగుతుంది, నేలను తాకి మళ్లీ లేస్తుంది. అయితే ఆ ఎత్తున గాలి కూడా తోడు రావాలి. ఉత్తరార్ధగోళపు మధ్య అక్షాంశాల్లో ఆ గాలులు చలికాలంలో తూర్పుకు, వేసవిలో పడమరకు వీస్తాయి. ఒకే క్వారీ పేలుడు జనవరిలో తూర్పు కేంద్రానికి, జులైలో పడమటి కేంద్రానికి బాగా అందడం అందుకే. అంటే వచ్చిన శబ్దాన్ని బట్టి పైగాలుల సంగతీ తెలుసుకోవచ్చు. టోంగా నుంచి వచ్చిన ఆ పెద్ద తరంగం మాత్రం ఈ దారిన రాలేదు. అది నేలను అంటిపెట్టుకుని సాగే ల్యాంబ్ తరంగం. ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పగలిగితే మీరు విషయం అర్థం చేసుకున్నట్టే.

అసలు కష్టం గాలి హోరుతోనే. చిన్న గాలి తెర కూడా మనక్కావలసిన సంకేతాన్ని ముంచేస్తుంది. అందుకే కొన్ని కేంద్రాల్లో సెన్సర్ చుట్టూ కంకర మీద పైపులు పరుస్తారు, పైనుంచి చూస్తే ముగ్గులా ఉంటుంది. ప్రతి పైపు చివరా గాలి లోపలికి పోయే రంధ్రాలుంటాయి. గాలి సుడులు ఒక్కో రంధ్రం దగ్గర ఒక్కోలా ఉంటాయి కాబట్టి కలిసినప్పుడు చాలావరకు రద్దవుతాయి. ఒక హెర్ట్జ్ తరంగం పొడవే సుమారు 340 మీటర్లు. అది అన్ని రంధ్రాలకూ దాదాపు ఒకేసారి చేరి నిలబడుతుంది.

వియన్నాలోని అణుపరీక్షల నిషేధ ఒప్పంద సంస్థ ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి 60 కేంద్రాలు తలపెట్టింది. 2013లో రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద పేలిన ఉల్క శబ్దాన్ని 15,000 కిలోమీటర్ల దూరాన అంటార్కిటికాలోని కేంద్రం పట్టుకుంది. భారత్ ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు, కాబట్టి ఆ సంస్థనొక్కదాన్నే నమ్ముకుని చదవొద్దు.

ఇన్‌ఫ్రాసౌండ్ పేరుతో ఇక్కడ డిగ్రీ కోర్సు కోసం వెతకడం కన్నా పక్క దారిన రావడం మేలు. ఆంధ్రా యూనివర్సిటీలో జియోఫిజిక్స్, వాతావరణ శాస్త్రం, ఉస్మానియాలో జియోఫిజిక్స్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భూమి, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉన్నాయి. పరిశోధనకు తిరుపతి దగ్గరి గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. గేట్, సీఎస్‌ఐఆర్ నెట్, జెస్ట్ స్కోర్లు దారి తెరుస్తాయి. ఈసీఈ వాళ్లు వెనకాడాల్సిన పని లేదు, ఇందులో సగం పని సిగ్నల్ ప్రాసెసింగే. అచ్చంగా ఇన్‌ఫ్రాసౌండ్ కొలువులు తక్కువే. కానీ ఇదే నైపుణ్యం భూకంపాల అధ్యయనానికీ, విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ చేసే నీటి అడుగు శబ్దాల పనికీ సరిపోతుంది.

సెమిస్టర్ సెలవుల్లో ఈ పని చేసి చూడండి. పైథాన్‌లో అబ్స్‌పై లైబ్రరీ ఉచితం. అమెరికాలోని కేంద్రాల పీడన డేటా చాలావరకు అందరికీ అందుబాటులో ఉంటుంది. 2022 జనవరి 15 నాటి రికార్డులు, ఒకే వరుసలో లేని మూడు కేంద్రాలవి తీసుకోండి. ఫిల్టర్ వేసి, తరంగం ఒక్కోచోటికి ఏ సమయానికి చేరిందో రాసుకోండి. ఆ తేడాల నుంచి దిశ లెక్కకట్టండి. మీ గీత టోంగా వైపు చూపిస్తే ఆ నోట్‌బుక్‌ను పీహెచ్‌డీ దరఖాస్తుకు జతచేయండి. చూపించకపోతే ముందుగా కేంద్రాల గడియారాలు, తర్వాత మీ ఫిల్టర్ సరిచూడండి.