ఆటిజము గల బాలబాలికలు - మన కర్తవ్యము

పిలిచినను పలుకని బాలుని మనము పొగరుబోతందుము. ఒకే ప్రశ్నను పదిమారు లడుగు బాలికను విసికించునదందుము. బడిగంట మ్రోగగానే చెవులు మూసికొని పరుగెత్తువానిని పిరికివాడందుము. ఇట్టివారిలో కొందరు ఆటిజము అను స్థితితో పుట్టినవారై యుందురు. వారిని గూర్చి తలిదండ్రులును, సహపాఠులును తెలిసికొనదగిన సంగతులు కొన్ని యీ వ్యాసమున వ్రాయబడుచున్నవి.

ఆటిజము అంటువ్యాధి కాదు. గాలి సోకుటయు కాదు. ఎవరి పాపఫలమును కాదు. అది మెదడు ఎదుగుటలో నుండు భేదము. 1943వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు నగరమందు లియో కానరు అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించెను. తరువాత కొన్నియేండ్లు, తల్లికి ప్రేమ చాలకపోవుటయే దీనికి హేతువని కొందరు చెప్పి, యెందరో తల్లులను నిష్కారణముగ దుఃఖపెట్టిరి. 1964లో బెర్నార్డు రింలాండు అను మనశ్శాస్త్రజ్ఞుడు ఆ వాదమును ఖండించెను. ఆయనయు అట్టి బాలుని తండ్రియే. వంశపారంపర్యముగ వచ్చు అంశములే దీనికి ముఖ్యకారణములని నేటి శాస్త్రము చెప్పుచున్నది. కావున మన యిండ్లలో కోడలిని నిందించుట అన్యాయము.

దీని గుర్తులు పసితనముననే కనబడును. ఏడాది నిండినను పేరుపెట్టి పిలిచిన తిరిగి చూడకుండుట, వ్రేలితో వస్తువును చూపకుండుట, మాటలు ఆలస్యమగుట, విన్నమాటనే మరల మరల పలుకుట, చిన్న మార్పునకే మిక్కిలి కలత చెందుట - ఇట్టివి ముఖ్యములు. అందరియందు అన్నియు నుండవు. చెవుడు కూడ నిట్లే తోపవచ్చును గనుక మొదట చెవులను పరీక్ష చేయింపవలెను. ఆటిజమును పోగొట్టు మందు లేదు. తాయెత్తులకై అప్పుచేయుటకంటె, చిన్నవయస్సుననే శిక్షణ నారంభించుట మేలు.

బాలుడు అరచి నేలబడి పొర్లినపుడు మొండితనమని కొట్టుట పెద్దల యలవాటు. నోటిమాట చాలనివానికి ఆ యరుపే భాష. పంటినొప్పియో, సంతలోని మైకుమ్రోతయో, క్రొత్తచొక్కా గరుకుదనమో, హేతువును వెదకి తొలగింపుడు. చెప్పు మాట చిన్నదిగా నుండవలెను. ఒక పని ముగిసిన పిదపనే రెండవది చెప్పవలెను. చెంబు, చొక్కా, పుస్తకాలసంచి - ఈ మూడు బొమ్మలను గోడపై వరుసగా గీసినచో స్నానము, బట్టలు, బడి అను క్రమము బిడ్డకు తెలియును. ఇందుకు బొగ్గుముక్క చాలును. సంకటి తప్ప మరేమియు ముట్టని బిడ్డ నోట క్రొత్త కూరను గ్రుక్కరాదు. పళ్లెము ప్రక్కన కొంచెము పెట్టి, చూచుటకును తాకుటకును కొన్నిదినములు వ్యవధి నీయవలెను.

మన ప్రాంతమున నింకొక చిక్కు గలదు. ఇచ్చట సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. వేరుసెనగ యెండిన యేట అనేక కుటుంబములు బెంగుళూరునకు కూలికి పోవును. మార్పును సహింపలేని బిడ్డకు తెలిసిన వీధియు, జేజియు, పండుకొను చోటును ఒక్కదినమున దూరమగును. వెంట గొనిపోవువారు ముందుగనే ప్రయాణమును బొమ్మలతో తెలుపుడు; వాని చాపను, గిన్నెను తీసికొనిపొండు; స్నానభోజననిద్రల వరుసను మార్పకుడు. జేజియొద్ద విడిచిపోవువారు ఆ వరుసను ఆమెకును, ఉపాధ్యాయునకును తెలిపి పొండు.

యౌవనారంభమున దేహమందలి మార్పులను గూర్చి ముందుగనే సూటిగ చెప్పవలెను. తలుపు మూసికొని చేయు పనులేవియో, నలుగురిలో చేయదగినవేవియో, ఎవరైన తాకరాని చోట తాకిన నెవరితో చెప్పవలెనో నేర్పవలెను. అంగడిలో చిల్లర లెక్కించుట, బస్సెక్కుట, అన్నము వండుట కూడ చదువే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములలో ఆటిజమును చేర్చినది. వైకల్యము నూటికి 40 పాళ్లకు తక్కువ కాదని ధ్రువపత్రము పొందిన బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితవిద్య హక్కు గలదు. 1984లో సికిందరాబాదున నెలకొల్పబడిన జాతీయసంస్థ బుద్ధివికాసమున వెనుకబడినవారి శిక్షణకై యేర్పడినది. 1969లో విన్సెంటు ఫెర్రరుగారు అనంతపురమున స్థాపించిన రూరల్ డెవలప్‌మెంటు ట్రస్టు వికలాంగబాలలకు ప్రత్యేకపాఠశాలలను నెలకొల్పినది.

విద్యార్థులారా! మీ తరగతిలో నిట్టి సహపాఠి యున్నచో పరిహసింపకుడు, పరిహసించువారిని సహింపకుడు. ఆటలో వానికొక నియతమైన పని నిండు. పరుగులు లెక్కవ్రాయుట యట్టిది. ప్రశ్న యడిగిన పిదప మనస్సులో పదివరకు లెక్కింపుడు. అంతసేపు వేచియున్న స్నేహితునకు పెక్కుమారులు ప్రత్యుత్తరము లభించును.