తప్పును దాచని చిన్న యంత్రము



గడచిన సంవత్సరము ఆళ్లగడ్డ ప్రాంతమునుండి వచ్చిన ఒక బాలుని లెక్కల పుస్తకమును దిద్దుచుంటిని. అందు ఒక్క తప్పైనను లేదు. ఎంచి చూడగా పదునొకండు పుటలు తక్కువగా నుండెను. తప్పు వచ్చిన ప్రతి పుటను అతడు చింపివేసెను. తరగతిలో నేను శుభ్రమైన పుస్తకములనే మెచ్చుకొనుచుంటిని గనుక ఆ చింపుటలో నాకును భాగము గలదు. ఆ బాలునికి చెప్పదగిన మాట నాకొక ఇంజనీరింగు ఆచార్యుని పనియందు దొరకినది. దానినే మీకందరకును చెప్పుచున్నాను.

సెల్‌ఫోనునకును స్తంభమునకును నడుమ తీగ లేదు. విద్యుదయస్కాంత తరంగమే మన మాటను మోయుచున్నది. ఫోనును చేరునప్పటికి ఆ తరంగము మిక్కిలి బలహీనమై, పరాయి తరంగములతో కలిసి యుండును. లోపలనున్న గోరంత చిప్పు దానిని బలపరచి, అక్కరలేని వానిని వేరుచేసి, తుదకు అంకెలుగా మార్చవలెను. ఇట్టి చిప్పును 1958లో జాక్ కిల్బీ మొదట చేసి చూపెను. అలను అంకెగా మార్చుట యెట్లు? ఒక ఉదాహరణము వినుడు.

ఒక యింట బాలిక దినమునకు 400 గ్రాముల జొన్నలు కుండలో పోయుచున్నది. ఎంత పోయుచున్నదో తండ్రి యెరుగడు. అతనియొద్ద ఒక్క కిలో రాయి తప్ప వేరు తూకము లేదు. ప్రతి సాయంకాలము కుండలో కిలో యున్నయెడల దానిని తీసి చీటిపై 1 అనియు, లేనియెడల 0 అనియు వ్రాయును. మిగిలినది కుండలోనే యుండును. అయిదు దినముల చీటి యిది: 0, 0, 1, 0, 1. అయిదు దినములకు రెండు కిలోలు; దినమునకు 400 గ్రాములు. ఏ దినపు అంకెయు సరియైనది కాదు. అన్నియు కలిసి సరియైన లెక్కను చెప్పినవి. కిలోకు తక్కువైన గింజలను అతడు ప్రతి సాయంకాలము పారబోసినచో, చీటిపై ఎన్నటికిని 0 తప్ప మరియొకటి పడదు గదా!

దీనినే డెల్టా–సిగ్మా పద్ధతి యందురు. డెల్టా యనగా భేదము. సిగ్మా యనగా మొత్తము. ఈ పద్ధతిని 1962లో జపానుదేశీయులైన ఇనోసే, యసుదా అను వారు ప్రకటించిరి. చిప్పులో ఇట్టి తూకము సెకనుకు కోట్లకొలది పర్యాయములు జరుగును. ఒక్కొక్క తూకపు దోషము మరుతూకమునకు అప్పగింపబడి, వడిగల కంపముగా మారి, వడపోతలో తొలగిపోవును.

ఈ విద్యను పెంచినవారిలో మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు శాంతి పవన్ గారొకరు. ఆయన 1995లో అక్కడనే బి.టెక్. పట్టము పొంది, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున 1999లో డాక్టరు పట్టమందిరి. కిల్బీ పనిచేసిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలోను, పిమ్మట మరియొక సంస్థలోను అమెరికాలో పనిచేసి, 2002లో స్వదేశమునకు వచ్చి తాము చదివిన చోటనే గురువైరి. 2012లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానమును పొందిరి. 2017లో షైరర్, టెమెస్ అను పండితులతో కలిసి ఈ పద్ధతినిగూర్చిన గొప్ప గ్రంథపు రెండవ కూర్పును వెలువరించిరి. ఆయన పాఠములు ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఉచితముగా లభించుచున్నవి. నంద్యాలలోని బీదబాలుడును వినవచ్చును.

ఆళ్లగడ్డ శిల్పుల నెరుగుదురు గదా. ఉలిదెబ్బకు ఊడిన రాయి మరల అతుకదు. చిప్పును అట్టిదే, ఒకసారి అచ్చువడిన పిమ్మట దిద్ద వీలులేదు. అందుచేత పరిశోధకులు ముందుగనే లెక్కలతో అనేక పర్యాయములు పరీక్షించి, దోషములను వెదకుదురు. లెక్కల పుస్తకము రాయి కాదు. అందు తప్పు వ్రాయవచ్చును, దిద్దవచ్చును.

ఆ బాలుడిప్పుడు తప్పుపై ఒక్క గీత గీచి, క్రింద సరియైన లెక్క వ్రాయుచున్నాడు. నేనును శుభ్రతకు మాత్రమే మెచ్చుట మానితిని.

అభ్యాసము: బాలిక దినమునకు 300 గ్రాములు పోసినచో పది దినముల చీటిని వ్రాయుడు. తప్పు వచ్చినయెడల పుటను చింపకుడు.