బీమా అమ్మేవాళ్ల మీద అజమాయిషీ ఎవరిది? హాంకాంగ్ మార్పుపై తరచూ అడిగే ప్రశ్నలు

హాంకాంగ్‌లో బీమా ఏజెంట్లు, బ్రోకర్ల మీద అజమాయిషీ 2019 సెప్టెంబరు 23న చేతులు మారింది. అప్పటిదాకా పరిశ్రమ సొంత సంఘాలు చూసుకున్న పని, చట్టం ద్వారా ఏర్పడిన ఇన్సూరెన్స్ అథారిటీకి వెళ్లింది. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటూ పాలసీలు తీసుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఇది నేరుగా తగిలే విషయం. మన దేశంలో ప్రీమియం కడుతున్నవాళ్లు కూడా పోల్చి చూసుకోవలసింది ఇందులో చాలా ఉంది.

అంతకుముందు ఎవరు చూసేవారు? ఎందుకు మార్చారు?

మూడు సంఘాలు చూసేవి. ఏజెంట్ల నమోదు బీమా కంపెనీల సమాఖ్య ఏర్పాటు చేసిన రిజిస్ట్రేషన్ బోర్డు చేతిలో ఉండేది. బ్రోకర్ల బాధ్యత రెండు బ్రోకర్ల సంఘాలు పంచుకునేవి. ఫిర్యాదు వస్తే విచారించేదీ, శిక్ష వేసేదీ ఆ సంఘాలే.

వాటిలో పనిచేసిన వాళ్లంతా పక్షపాతులని అనడం అన్యాయం. కానీ మోసపోయానని వచ్చిన మనిషికి, తీర్పు చెప్పేది కూడా ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లేనని తెలిస్తే నమ్మకం ఎలా కుదురుతుంది? అసలు చిక్కు అదే. 2010లో ప్రభుత్వం స్వతంత్ర సంస్థ ప్రతిపాదన మీద ప్రజాభిప్రాయం అడిగింది. 2015 జులైలో చట్ట సవరణ ఆమోదం పొందింది, ఆ డిసెంబరు 7న అథారిటీ ఏర్పడింది. 2017 జూన్ 26న ప్రభుత్వ శాఖ అయిన బీమా కమిషనర్ కార్యాలయం నుంచి కంపెనీల పర్యవేక్షణ అందుకుంది. ఏజెంట్లు, బ్రోకర్ల వంతు వచ్చేసరికి మరో రెండేళ్లు పట్టింది. లక్షమందికి పైగా ఉన్న రంగం కాబట్టి ఆ జాగ్రత్త అవసరమే.

ఈ సంస్థ నడవడానికి డబ్బు ఎవరిస్తారు?

పాలసీదారులే ఇస్తారు. 2018 జనవరి 1 నుంచి ప్రీమియం మీద చిన్న లెవీ వేస్తున్నారు. 0.04 శాతంతో మొదలై 2021 ఏప్రిల్ నాటికి 0.1 శాతానికి చేరింది. జీవిత బీమాకు ఏడాదికి లక్ష హాంకాంగ్ డాలర్ల ప్రీమియం కడితే లెవీ 100 డాలర్లు. ప్రీమియం అంతకు మించినా ఆ వందే. లైసెన్సు ఫీజును మాత్రం మొదటి అయిదేళ్లూ మాఫీ చేశారు. ఈ ఖర్చు సబబే అనుకుంటాను. కాపలా కాసేవాడి జీతం అమ్మేవాళ్ల సంఘం ఇవ్వడం కన్నా కొనేవాళ్లు ఇచ్చుకోవడమే మేలు.

మా పాత ఏజెంటు మళ్లీ కొత్తగా లైసెన్సు తీసుకోవలసి వచ్చిందా?

వెంటనే అక్కర్లేకపోయింది. మార్పు రోజుకి నమోదై ఉన్నవాళ్లను 2022 సెప్టెంబరు 22 దాకా లైసెన్సు ఉన్నవాళ్లుగానే లెక్కించారు. ఆ మూడేళ్లలో అందరూ అథారిటీ ఇచ్చే లైసెన్సులోకి వచ్చారు. కాబట్టి ఎవరైనా పాత సంఘం రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే చూపిస్తే అది ఈరోజు చెల్లదు.

పాలసీదారుడిగా నాకు నిజంగా ఏం మారింది?

అమ్మే మనిషి నడవడి చట్టంలోకి ఎక్కింది. నిజాయితీగా, న్యాయంగా, పాలసీదారు మేలు కోరి నడవాలి. శ్రద్ధతో, నైపుణ్యంతో పనిచేయాలి. తనకు అర్హత ఉన్న విషయాల మీదే సలహా ఇవ్వాలి, మీ పరిస్థితి తెలుసుకుని చెప్పాలి. ఇవి గతంలో సంఘం నియమాలు, ఇప్పుడు చట్టం చెప్పే బాధ్యతలు.

ఇది ఎక్కడ అక్కరకొస్తుందో చూడండి. ఏజెంటు మీ ఎదురుగా ట్యాబ్ పెట్టుకుని దరఖాస్తు నింపుతున్నాడు. ఆరోగ్యం పేజీ వచ్చింది. షుగర్ ఉందా, బీపీ మందులు వాడుతున్నారా, అయిదేళ్లలో ఆసుపత్రిలో చేరారా అని వరసగా ప్రశ్నలు. మీరు "రెండేళ్లుగా షుగర్ మాత్ర ఒకటి వేసుకుంటున్నా" అంటారు. "అబ్బే, అంత చిన్నదానికి ఎందుకండీ, మెడికల్ టెస్టులంటారు, ఆలస్యమవుతుంది" అంటూ అన్నిటికీ "లేదు" అని నొక్కేస్తాడు. కింద సంతకం మాత్రం మీది. ఏళ్ల తరవాత క్లెయిము వచ్చిన రోజున కంపెనీ ఆ "లేదు"నే మీ ముందు పెడుతుంది. బీమాలో కుటుంబాలు నష్టపోయే దారుల్లో ఇంతకన్నా క్రూరమైనది నాకు తెలియదు. అందుకే ఆ పేజీ మీరే చదివి, మీరే నింపండి. అలా అబద్ధం నింపిన ఏజెంటు మీద అథారిటీ మందలింపు మొదలు లైసెన్సు రద్దు దాకా చర్య తీసుకోవచ్చు. జరిమానా కోటి హాంకాంగ్ డాలర్ల దాకా, లేదా ఆ తప్పు వల్ల వచ్చిన లాభానికి మూడు రెట్ల దాకా, ఏది ఎక్కువైతే అది వేయొచ్చు. శిక్ష పడినవాళ్లు అప్పీల్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

ఎదుటి మనిషికి లైసెన్సు ఉందో లేదో ఎలా చూడాలి?

లైసెన్సు నంబరు అడగండి. మొహమాటపడొద్దు. అథారిటీ వెబ్‌సైట్‌లో అందరికీ తెరిచి ఉన్న రిజిస్టరులో పేరుతో గానీ నంబరుతో గానీ వెతకవచ్చు. ఉందా లేదా అని చూసి వదిలేయకండి. అతను ఏ కంపెనీల తరఫున వచ్చాడో, ఏ రకం బీమాకు అనుమతి ఉందో, గత అయిదేళ్లలో బహిరంగంగా ప్రకటించిన క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయో అందులోనే కనిపిస్తాయి. పెట్టుబడితో ముడిపడిన పాలసీలకు అనుమతి లేని మనిషి అలాంటిదే మీకు అంటగడుతుంటే మాట అక్కడితో ఆపేయండి.

ఏజెంటుకీ బ్రోకరుకీ తేడా ఏమిటి?

ఏజెంటు కంపెనీ మనిషి, బ్రోకరు మీ తరఫు మనిషి. ఒకే వ్యక్తి రెండూ కాకూడదు. ఒక ఏజెంటు నాలుగు కంపెనీలకు మించి పనిచేయకూడదు, వాటిలో జీవిత బీమా లాంటి దీర్ఘకాలిక వ్యాపారం చేసేవి రెండుకు మించకూడదు. "మార్కెట్లో ఉన్నవన్నీ చూసి మీకు మంచిది చెబుతున్నా" అని ఏజెంటు అంటే, అతని చేతిలో ఉన్నది ఆ నాలుగేనని గుర్తుపెట్టుకోండి.

మా ఊరివాడే, స్నేహితుడు. పాలసీ ఇప్పిస్తానంటున్నాడు, లైసెన్సు లేదు. తప్పా?

తను తీసుకున్న పాలసీ బాగుందని చెప్పడం తప్పు కాదు. డబ్బు కోసమో, వృత్తిగానో పాలసీ కొనమని ఒప్పించడం, దాని మీద సలహా ఇవ్వడం లైసెన్సు లేకుండా చేస్తే నేరం. పరాయి దేశంలో మనవాడన్న నమ్మకంతో లావాదేవీలు జరిగిపోతుంటాయి కాబట్టి గట్టిగా చెబుతున్నాను, మీ స్నేహితుడికి కూడా ఈ సంగతి చెప్పండి.

తీసుకున్నాక మనసు మారితే?

జీవిత బీమాకు 21 రోజుల గడువుంది. పాలసీ గానీ, ఆ హక్కు గురించి చెప్పే నోటీసు గానీ, ఏది ముందు చేతికొస్తే ఆ మర్నాటి నుంచి లెక్క. రద్దు కోరుతూ కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఏజెంటుకు వాట్సాప్‌లో చెప్పి ఊరుకోవద్దు.

ఫిర్యాదు ఎవరికి? నా డబ్బు ఇప్పిస్తారా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. అమ్మిన మనిషి నడవడి మీద ఫిర్యాదు అథారిటీకి ఇవ్వాలి. అది తప్పు చేసినవాణ్ణి శిక్షిస్తుంది గానీ మీకు పరిహారం ఇప్పించలేదు. వ్యక్తిగత పాలసీల క్లెయిము తగాదాలకు ఇన్సూరెన్స్ కంప్లెయింట్స్ బ్యూరో వేరే ఉంది. ఒకే సంఘటనకు రెండు చోట్లా వెళ్లాల్సి రావచ్చు. బాధితుడికి ఇది భారమే, ఈ మార్పులో మిగిలిపోయిన లోటు కూడా.

2019కి ముందు జరిగిన మోసం సంగతేంటి?

సంఘాల దగ్గర తేలకుండా ఉన్న ఫిర్యాదులు అథారిటీకి బదిలీ అయ్యాయి. అయితే పాత తప్పును ఆనాటి నియమాలతోనే తూకం వేస్తారు.

మన దేశంలో ఈ ఏర్పాటు ఎలా ఉంది?

నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. బ్రోకర్లకు అనుమతి ఇచ్చేది అదే. ఏజెంట్ల విషయంలో మాత్రం మనం హాంకాంగ్‌కు ఎదురు దారిలో వెళ్లాం. 2015 చట్ట సవరణ తరవాత ఏజెంటును బీమా కంపెనీయే నియమిస్తోంది, అతని తప్పులకు కంపెనీదే బాధ్యత. బాధ్యత కంపెనీ మెడకు చుట్టడం మంచిదే కానీ, అమ్మకాల లెక్కలతో బతికే కంపెనీ తన ఏజెంటును తానే దండిస్తుందని పూర్తిగా నమ్మలేను.

"మొదటి ప్రీమియంలో నా కమిషన్ మీకే ఇచ్చేస్తా" అనే మాట మన ఊళ్లలో వింటూనే ఉంటాం. బీమా చట్టం 41వ సెక్షన్ దాన్ని నిషేధించింది, జరిమానా పది లక్షల రూపాయల దాకా ఉండొచ్చు. పాలసీ వద్దనుకుంటే వెనక్కి ఇవ్వడానికి ఇక్కడ 30 రోజుల గడువుంది. ఫిర్యాదు ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు దాచుకోండి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరులోనూ నమోదు చేయవచ్చు. నెలలోగా కంపెనీ నుంచి జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఆ కార్యాలయం హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. 50 లక్షల రూపాయల దాకా తగాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.