తుక్కు అమ్మేవాళ్లకూ కాంటా చట్టం ఉంది

ప్రశ్న: చర్లపల్లి పారిశ్రామికవాడలో నాకు చిన్న అల్యూమినియం కిటికీల వర్క్‌షాప్ ఉంది. కోసిన ముక్కలు, పాత ఫ్రేములు పోగుచేసి అప్పుడప్పుడు తుక్కు వ్యాపారికి వేస్తుంటాను. నా అంచనాకూ ఆయన కాంటాకూ ఏనాడూ పొంతన ఉండదు. పైగా తరుగు అని కొంత, జీఎస్టీ అని కొంత కోస్తాడు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా? మంచి రేటు రాబట్టుకోవడానికి చట్టంలో దారి ఉందా?

జవాబు: కమిషన్ దారి మీకు లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం డబ్బిచ్చి వస్తువు కొన్నవారిని, సేవ పొందినవారిని మాత్రమే వినియోగదారులంటుంది. ఇక్కడ కొన్నది వ్యాపారి, అమ్మింది మీరు. ఈ సంగతి తెలియక ఫిర్యాదు వేసి నెలలు పోగొట్టుకునేవాళ్లున్నారు. రేటు మీద కూడా చట్టం చేయగలిగింది తక్కువే. వడ్లకు మద్దతు ధర ఉంది గానీ తుక్కు అల్యూమినియానికి సర్కారు కట్టిన ధరంటూ ఏదీ లేదు. అయితే ఇలాంటి బేరాల్లో అమ్మేవాడు ఎక్కువగా నష్టపోయేది రేటు దగ్గర కాదని నా అభిప్రాయం. కిలోకు రెండు రూపాయల కోసం అరగంట వాదించినవాడే కాంటా ఎక్కాక ఫోన్ చూసుకుంటూ నిలబడతాడు. చట్టం మీ పక్షాన గట్టిగా నిలబడేది సరిగ్గా ఆ కాంటా దగ్గరే.

తూనికలు, కొలతల చట్టం అనగానే కిరాణా కొట్టువాడు తక్కువ తూచడమే మనకు గుర్తొస్తుంది. 2009 చట్టం 30వ సెక్షన్‌లో కొనేవాడి మోసం గురించీ ఉంది. తూకం లెక్కన సరుకు కొంటూ, తాను డబ్బు కట్టినదానికన్నా ఎక్కువ సరుకును మోసపూరితంగా తీసుకోవడం నేరం. తుక్కు దుకాణానికీ, వీధుల్లో తిరిగే బండివాళ్లకూ ఇది వర్తిస్తుంది. వ్యాపారానికి వాడే ప్రతి కాంటాకూ తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాంటాను ఏడాదికోసారి మళ్లీ తనిఖీ చేయించాలి. ఆ ధ్రువపత్రాన్ని కనిపించేచోట పెట్టాలి. 'ముద్ర పత్రం ఏదీ?' అని అడగడానికి మొహమాటపడకండి. అది చూపించలేని దుకాణంలో సరుకు దించకపోవడమే మేలు.

పత్రం ఉన్నా కాంటాను పరీక్షించుకోవచ్చు. సరుకు పెట్టకముందు అంకె సున్నా మీద ఉందో లేదో చూడండి. తర్వాత బరువు తెలిసిన వస్తువు ఏదైనా పెట్టండి. ఇంటి ముందుకు బండి వచ్చినప్పుడు సీలు తీయని గ్యాస్ సిలిండర్‌ను మించిన తూకపురాయి లేదు. ఖాళీ సిలిండర్ బరువు దాని మెడ దగ్గరి పట్టీ మీదే రాసి ఉంటుంది. దానికి గ్యాస్ బరువు 14.2 కిలోలు కలపండి. కాంటా ఆ లెక్కకు దగ్గరగా చూపించకపోతే బేరం అక్కడితో ఆపేయండి. కొక్కేనికి వేలాడదీసి తూచే చేతి కాంటా విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. తూస్తున్నవాడి మోచెయ్యో మోకాలో సంచీకి ఆనితే కిలోలు మాయమవుతాయి. లోడు పెద్దదైతే మీకు నచ్చిన వేబ్రిడ్జి మీద ముందే తూయించి, ఖాళీ బండి చీటీ, నిండు బండి చీటీ రెండూ దగ్గర పెట్టుకోండి.

ఇక తరుగు. వడ్ల కొనుగోలు కేంద్రంలో రైతు పడే గోస ఈ మాటతో ఎంత ముడిపడి ఉందో మీకు తెలుసు. తుక్కు వ్యాపారికి ఇష్టమొచ్చినంత కోసుకునే హక్కును ఏ చట్టమూ ఇవ్వలేదు. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం ప్రకారం ధర ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఒప్పందంలో ధర తేల్చకపోతే సమంజసమైన ధర చెల్లించాలి. కాబట్టి రేటెంత, తరుగెంత, దేనికి కోస్తున్నాడు అన్నవి బండి దించకముందే వాట్సాప్‌లో రాయించుకోండి. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ అడిగే ధ్రువపత్రం జతచేస్తే ఆ సందేశం కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది.

అయితే తరుగంతా మోసం కాదు. అల్యూమినియంలో ఇనుము కలిసి కరిగితే దాన్ని మళ్లీ విడదీయడం చాలా కష్టం. అందుకే ఒక్క సంచీలో అన్నీ కలిపేస్తే మొత్తానికీ అందులోని అధమ రకం రేటే పడుతుంది. శుభ్రమైన వైరు, రంగు లేని కిటికీ సెక్షన్లు మంచి ధర పలుకుతాయి. పౌడర్ కోటింగ్ ఉన్నవి కాస్త తక్కువ. మోటారు బాడీ, బైకు ఇంజిన్ కేసు లాంటి పోతపోసిన సరుకులో సిలికాన్ ఎక్కువ గనుక దాని లెక్క వేరు. నూనె అంటిన లేత్ పొడికి అన్నిటికన్నా తక్కువ. మీ ఫ్రేముల్లోంచి రబ్బరు పట్టీలు, చక్రాలు, గాజు ముక్కలు, స్క్రూలు తీసేయండి. అయస్కాంతం ఒకటి దగ్గరుంచుకోండి. కొన్ని రకాల స్టీలు స్క్రూలకు అయస్కాంతం అంటుకోదు, అవి కంటితో చూసి ఏరాల్సిందే. ఇంట్లో పాత సిల్వర్ గిన్నెలు, కుక్కర్లు అమ్మేవారు పిడి, గ్యాస్కెట్ ఊడదీసి ఇస్తే చాలు. వైరు మీద తొడుగును మాత్రం కాల్చి తీయకండి. చెత్త బయట తగలబెట్టడంపై నిషేధం ఉంది, కాలిన వైరుకు ధరా తగ్గుతుంది. సరుకుల ఎక్స్ఛేంజి ఎంసీఎక్స్‌లో అల్యూమినియానికి ఆ రోజు కిలో ధర చూసి, దానికి ఎంత తక్కువ ఇస్తున్నారని ఇద్దరు ముగ్గురిని అడగండి. చర్లపల్లిలోనే తేలకపోతే నాచారం, మల్లాపూర్ ఎంతో దూరం కాదు.

జీఎస్టీ పేరుతో కోత గురించి. 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేని వర్క్‌షాప్ దగ్గర రిజిస్టర్డ్ వ్యాపారి లోహపు తుక్కు కొంటే, ఆ పన్ను రివర్స్ ఛార్జి కింద ఆయనే కట్టాలి. కట్టినదాన్ని నిబంధనల ప్రకారం ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వాడుకుంటాడు కూడా. రేటు తక్కువ ఇస్తానంటే అది బేరం, మీకు నచ్చకపోతే వద్దనొచ్చు. ఒప్పుకున్న రేటులోంచి 'మీ జీఎస్టీ' అని కోస్తే అది బేరం తప్పడమే. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం పన్నుతో బిల్లు మీరే ఇవ్వాలి. ఒప్పందం విలువ రెండున్నర లక్షలు దాటితే రిజిస్టర్డ్ కొనుగోలుదారు 2 శాతం టీడీఎస్ పట్టుకుంటాడు. ఆ సొమ్ము మీ జీఎస్టీ లెడ్జర్‌లో కనిపించాలి. ఇంట్లో పాత గిన్నెలు అమ్ముకోవడం వ్యాపారం కాదు గనుక గృహస్థులకు ఈ తలనొప్పేదీ లేదు.

డబ్బు సంగతి. వేరే ఒప్పందం లేకపోతే సరుకు అప్పగించడం, డబ్బు చెల్లించడం ఒకేసారి జరగాలని సరుకుల అమ్మకపు చట్టం 32వ సెక్షన్ చెబుతుంది. సొమ్ము ఖాతాలో పడేదాకా బండి కదలనివ్వకండి. స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మొద్దు, మీ బ్యాంకు యాప్‌లో చూసుకోండి. చెక్కు తీసుకుని అది బౌన్స్ అయితే, బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో అవతలివాడు కట్టకపోతే ఆపై నెలలోగా కోర్టులో కేసు వేయాలి. ఈ గడువులు తప్పినా బాకీ వసూలుకు సివిల్ దావా వేయొచ్చు. దానికి మామూలుగా మూడేళ్ల గడువుంది.

వ్యాపారి మీ గుర్తింపు కార్డు అడిగితే విసుక్కోకండి. దొంగసొత్తు అని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. కోసుకొచ్చిన కరెంటు తీగలైతే 2003 విద్యుత్ చట్టం కింద కొన్నవాడికి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అందుకే నిఖార్సయిన వ్యాపారి వివరాలు రాసుకుంటాడు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, ఆయన దగ్గర రసీదు తీసుకోండి. రసీదులో రకం, బరువు, రేటు, తరుగు విడివిడిగా ఉండాలి.

తూకంలో మోసం పట్టుకుంటే మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా తూనికలు, కొలతల శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. రసీదు, వేబ్రిడ్జి చీటీ, కాంటా ఫొటో జతపరచండి. డబ్బు ఎగ్గొట్టినవాడితో కోర్టుకెక్కేముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌కు పిలిపించవచ్చు. కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీ డిక్రీతో సమానం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఈ న్యాయ సహాయానికి ఫోన్ నంబరు 15100.